కనుమరుగైన చైనా తోటకు నక్షా గీయడం ఎలా

కాలగర్భంలో కలిసిపోయిన తోటను కాగితం మీద మళ్లీ నిలబెట్టదలచినవారు సాధారణంగా చేసే పొరపాటు, పాత చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని వెంటనే గీయడానికి పూనుకోవడం. చిత్రం ఇట్టే నమ్మించగలదు గాని కొలత చెప్పదు. కాబట్టి రాతతోనే మొదలుపెట్టాలి. అభ్యాసానికి చాంగ్‌జౌ నగరపు కోటగోడ వెలుపల ఒకప్పుడు ఉండిన జీ యువాన్ అనే తోట అన్నివిధాలా తగినది. దాని యజమాని వూ లియాంగ్ స్వయంగా రాసిన వర్ణనా, 1627లో జాంగ్ హోంగ్ గీసిన 20 పుటల చిత్రమాలికా రెండూ మిగిలాయి.

వర్ణనను చదువుతూ, నడకను సూచించే ప్రతి మాట కిందా గీత గీయండి. తూర్పు, ఉత్తరం వంటి స్థిరమైన దిక్కులకు ఒక రంగు, నడిచేవాడిని బట్టి మారే కుడి ఎడమలకు మరో రంగు వాడండి. ఈ దశలో నక్షా వద్దు. ఏ మండపం తర్వాత ఏ వంతెన వస్తుందో తెలిపే వరుస మాత్రం చాలు.

తర్వాత విస్తీర్ణం. తోట 50 ‘మూ’ల (చైనా నేల కొలత) కంటే కొంచెం ఎక్కువనీ, అందులో పదింట నాలుగు వంతులు నీరు, మూడు వంతులు మట్టీ రాళ్లూ, రెండు వంతులు కట్టడాలు, ఒక వంతు వెదురూ చెట్లూ అనీ వూ లియాంగ్ లెక్క చెప్పాడు. ఇంతకంటే విలువైన వాక్యం మీకు ఎక్కడా దొరకదు. మీ నక్షాను గ్రాఫ్ కాగితంపై పెట్టి నీటి గళ్లు లెక్కించినప్పుడు అవి మొత్తంలో మూడో వంతైనా లేకపోతే, చెరువులను కుదించి గీశారన్నమాట. అయితే ‘మూ’ అనే కొలతను ఆ కాలపు లెక్కలోనే చూడాలి: మింగ్ యుగంలో అది 240 చదరపు బూలు, బూకు 5 చీలు, చీ దాదాపు 32 సెంటీమీటర్లు కాబట్టి ఒక మూ సుమారు 614 చదరపు మీటర్లు, తోట మొత్తం ఏడున్నర ఎకరాల పైమాట. తిరుపతిలో 36 చదరపు అడుగులైన అంకణం నెల్లూరికి పోతే 72 అవుతుందని తెలిసిన మనవాళ్లకు ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇక చిత్రాలు. మొదటి పుట తోటనంతటినీ పైనుంచి చూపుతుంది. మిగిలిన 19 పుటలు లోపలికి తీసుకెళతాయి. అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం దగ్గర నిలబడి ఊరిని చూసినవారికి ఈ చూపు పరిచయమే, కాకపోతే జాంగ్ హోంగ్‌ది ఊహించుకున్న ఎత్తు. పైగా సమాంతర రేఖలు దూరాన ఒకచోట కలవాలన్న నియమం ఆ సంప్రదాయానిది కాదు గనుక, స్కేలు పెట్టి లోతును లెక్కకట్టడం వృథా శ్రమ. అందుకు బదులు మొదటి పుటలోని ప్రతి కట్టడానికీ అంకె వేసి, దాన్ని తక్కిన పుటల్లో వెతకండి. రెండు పుటల్లో అవే ఇరుగుపొరుగులతో కనిపిస్తే నిండు గీత, ఒక్క పుటలోనే ఉంటే విరుపు గీత, రాతలో మాత్రమే ఉంటే చుక్కల గీత వాడండి.

ఈ పద్ధతి చేతికి రావాలంటే ముందు చంద్రగిరి కోటకు వెళ్లి రావడం మంచిది. మీరు మూడంతస్తుల రాజమహల్‌ను ఎదురుగా నిలబడి గీయండి. మీ మిత్రుణ్ణి పక్కనున్న రాణిమహల్ దాకా నడిచి, చూసిందంతా మాటల్లో రాయమనండి. ఆ రెండింటితోనే ఇంట్లో నక్షా గీసి, మరునాడు అడుగులతో కొలిచి సరిచూసుకుంటే బొమ్మ ఎక్కడ తప్పిందో, మాట ఎక్కడ దాటవేసిందో మీకే తెలుస్తుంది.

చివరగా, నక్షాను ప్రహరీ దగ్గర ఆపకూడదు. తోటల నిర్మాణంపై జీ చెంగ్ రాయగా 1634లో అచ్చయిన గ్రంథం ‘యువాన్ యే’ అరువు దృశ్యానికి, అంటే గోడ అవతలి కొండనో గోపురాన్నో తోటలో భాగం చేసుకునే నేర్పుకు, ఒక ప్రకరణమే కేటాయించింది. తిరుపతిలో ఏ మిద్దె ఎక్కినా శేషాచలం కొండలు ఆ ఇంటివే అనిపించినట్లన్నమాట. కాబట్టి కాగితానికి నలువైపులా బెత్తెడు చోటు వదిలి, అవతలి కోటగోడనూ నీటినీ చుక్కల గీతతోనైనా చూపండి.