పక్షులను చూడటం ఎలా మొదలుపెట్టాలి

పక్షి వీక్షణకు తొలి పాఠం పెరట్లోనే దొరుకుతుంది. సూర్యోదయం తరువాతి రెండు గంటలలో పక్షులు మేత కోసం చురుకుగా తిరుగుతాయి కనుక, ఆ వేళ ఒకే చోట కదలకుండా కూర్చుని, గోరింక, పికిలిపిట్ట, తేనెపిట్ట వంటి తెలిసిన పక్షుల ముక్కు ఆకారాన్ని, తోక కదలికను, కూతను గమనించి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోవాలి. పేరు తెలియని పిట్టను కూడా తప్పక వర్ణించాలి. దాని పేరు తరువాత ఎప్పుడో తెలిసినప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

బైనాక్యులర్ కొనదలిస్తే, 8 రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల కటకాలున్నది చాలు. అంతకు మించి పెంచేవి చేతి వణుకును కూడా పెంచి చూపుతాయి. ముందు మామూలు కంటితో పక్షిని గుర్తించి, దానిపై నుంచి చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్లకు ఆనించుకోవాలి.

కొంత అలవాటయ్యాక, చలికాలంలో ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లాలి. చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూళ్లు కట్టుకున్న పెలికాన్ల పిల్లలు, తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపలు తినే దృశ్యాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. సమీపంలోనే ఉన్న పులికాట్ సరస్సులో రాజహంసల (ఫ్లెమింగోల) గుంపులు కనిపిస్తాయి. అయితే గూళ్లకు దగ్గరగా వెళ్లకూడదు. బెదిరిన తల్లి ఎగిరిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ బలవుతాయి.