పాత జీపు గేర్‌బాక్స్: పార్టులు కొనేముందు తప్పు ఎక్కడుందో చూడండి

దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు పాత జీపును ఇంటి మనిషిలా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటిలో చాలావాటికుండే టీ-90 అనే మోడల్ మూడు గేర్ల బాక్సు గట్టిది. కానీ కొంచెం చప్పుడు రాగానే పూర్తి కిట్ కొనేస్తున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

రెండో గేర్ జారిపోతుంటే

మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగుతుంటారు. యాక్సిలరేటర్ వదలగానే లివర్ న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. ఇక బండి మొత్తం బ్రేకుల మీదే ఆగాలి. ఇది బాగయ్యేదాకా ఘాట్ ఎక్కొద్దు.

ముందు బాక్సును బెల్ హౌసింగ్‌కు (క్లచ్‌ను కప్పి ఉంచే గుల్లకు) పట్టి ఉంచే బోల్టులు, మౌంటింగ్ రబ్బర్లు చూడండి. అవి వదులైతే బాక్సు కదిలి గేర్ బయటకొస్తుంది. అవి బాగుంటే పై మూత ఒక్కటే విప్పండి. గేర్‌ను పట్టి ఉంచే చిన్న గుండ్లు, స్ప్రింగులు అందులోనే ఉంటాయి. పాత స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెడితే, నీరసించింది పొట్టిగా కనబడుతుంది. గేర్ మార్చేటప్పుడు స్లీవ్‌ను జరిపే షిఫ్ట్ ఫోర్కు అంచులు అరిగాయేమో కూడా చూడండి. చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది.

అప్పటికీ జారుతుంటేనే బాక్సు దించాలి. స్లీవ్ (జరిగి గేర్‌ను షాఫ్ట్‌కు కలిపే పళ్ల రింగు) లోపలి పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. నేను ఒకసారి స్లీవ్ మాత్రమే మార్చి, అరిగిన గేర్‌ను అలాగే ఉంచాను. కొన్నాళ్లకే మళ్లీ జారింది. ఒకదాన్నొకటి పట్టుకునే పళ్లు రెండూ బాగుండాలి. త్రస్ట్ వాషర్లు (గేర్ పక్కకు జరగకుండా ఆపే పలుచని రింగులు) అరిగి గేర్ ముందుకూ వెనక్కూ ఆడుతుంటే అవీ మార్చాలి. ఎంత ఆడుతోందో ఫీలర్ గేజ్‌తోనే (సందు కొలిచే పలుచని రేకుల సెట్టు) కొలవండి.

గేర్ వేస్తుంటే గరగరమంటే

ఫస్ట్, రివర్స్ గేర్లకు ఇందులో సింక్రో (పళ్లు కలిసేముందు వేగాలు సమానం చేసే రింగు) లేదు. బండి పూర్తిగా ఆగాకే వేయాలి. రెండు, మూడు గేర్లలో గరగరమంటే ముందు క్లచ్‌ను అనుమానించండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి పది లెక్కపెట్టి రివర్స్ వేయండి. అప్పుడూ గీసుకుంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదు. పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచేయండి.

క్లచ్ బాగుంటే ఆయిల్ సంగతి అడగండి. గేర్ ఆయిల్ రకాన్ని జీఎల్ నంబరు చెబుతుంది. జీఎల్-5 ఆయిల్‌లోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినేయగలవు. జీఎల్-4 రకం 90 నంబరు ఆయిల్ పోయండి. బాక్సు విప్పినప్పుడు రింగును గేర్ కోను మీద నొక్కి తిప్పితే పట్టుకోవాలి, రింగుకూ గేర్ పళ్లకూ మధ్య సందు ఉండాలి. లేదంటే రింగు మార్చాల్సిందే.

న్యూట్రల్‌లో ఊళ పెడితే

క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగో, కౌంటర్ షాఫ్టో (కింద గేర్ల గుత్తిని మోసే కడ్డీ) అరిగింది. తొక్కినప్పుడే మొదలైతే అది రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కేది). దానికి బాక్సు దించాలి కానీ లోపల విప్పే పనిలేదు.

విప్పాల్సివస్తే

పుల్లర్, సర్‌క్లిప్ ప్లయర్, ఇత్తడి కడ్డీ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇనుప సుత్తితో కొడితే షాఫ్ట్ పాడవుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ గుంతలో చిన్న రోలర్లు విడివిడిగా ఉంటాయి. తీసేటప్పుడే లెక్కపెట్టుకోండి. బిగించేటప్పుడు గ్రీసుతో అంటిస్తే రాలవు. వనస్థలిపురం ఆటోనగర్‌కైనా, విజయవాడ ఆటోనగర్‌కైనా పాత పార్టు చేతిలో పట్టుకునే వెళ్లండి. పళ్లు లెక్కపెట్టి, పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

బిగించి కొంత దూరం నడిపాక గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) లెవెల్ ప్లగ్గులు (ఆయిల్ మట్టం చూసే బిరడాలు) రెండూ తీసి చూడండి. ఒకదాంట్లో తగ్గి ఇంకోదాంట్లో పెరిగితే నూనె ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తోంది.