నల్ల తెరకు బెదరకండి

విశాఖలోని ద్వారకానగర్, మద్దిలపాలెం శిక్షణ కేంద్రాల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడుతున్న వారికి ఒక చిట్కా. కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసే నల్ల తెర) అంతా వచ్చాకే ప్రోగ్రామింగ్ అనుకోకండి. ఇప్పుడు ఏ ఫోల్డరులో ఉన్నాం, అందులో ఏమున్నాయి, పక్క ఫోల్డరుకు ఎలా వెళ్లాలి, ప్రోగ్రాంను ఎలా నడపాలి, ఎలా ఆపాలి (కంట్రోల్, సీ కలిపి నొక్కితే సాధారణంగా ఆగుతుంది). మొదట్లో ఇంతకుమించి అక్కర్లేదు.

‘ఫైలు లేదు’ అని కంప్యూటర్ మొరాయిస్తే కోడ్ జోలికి వెళ్లకండి. చాలాసార్లు మీరు వేరే ఫోల్డరులో ఉంటారు. విండోస్‌లో ఆ ఫోల్డరు తెరిచి, పైన చిరునామా పట్టీలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల తెర సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. తర్వాత డీఐఆర్ కొడితే ఫైళ్ల అసలు పేర్లు కనిపిస్తాయి. నోట్‌ప్యాడ్‌లో దాచిన పైథాన్ ఫైలుకు ‘డాట్ పీవై’ చివర ‘డాట్ టీఎక్స్‌టీ’ తగులుకుని ఉండటం మామూలే, అదొక పెద్ద తలనొప్పి! పేరు మొత్తం టైపు చేయకుండా రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి.

లినక్స్‌లో ఫైళ్లను తీసేసే ఆర్ఎం ఆదేశంతో మాత్రం జాగ్రత్త. దాంతో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు.