ముస్లిం విద్యార్థుల స్వభావం, భక్తి మీద ప్రాజెక్టు చేస్తున్నారా? ముందు ప్రశ్నలు సరిచూసుకోండి

హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో సైకాలజీ ప్రాజెక్టుకు ఈ టాపిక్ తీసుకున్నవాళ్లకు ఒక మాట. లెక్కలు కంప్యూటర్ చేసిపెడుతుంది, ప్రశ్నలు మాత్రం మీరే సరిగ్గా అడగాలి.

నేను మొదటి ఫారంలో "వారానికి ఎన్నిసార్లు మసీదుకు వెళ్తారు?" అని పెట్టాను. అమ్మాయిలు దాదాపు అందరూ సున్నా రాశారు. మండిబజార్ నుంచి వచ్చే ఒకమ్మాయి ఫారం ఇస్తూ "అక్కా, నేను ఐదు పూటలూ ఇంట్లోనే నమాజు చదువుతా, అది ఎక్కడ రాయాలి?" అంటే నా దగ్గర జవాబు లేదు. జుమా (శుక్రవారం) నమాజుకు మసీదుకు వెళ్లడం మగవాళ్లకే తప్పనిసరి, ఆ సంగతి తెలుసుకోకుండానే నేను సగం మందిని భక్తి లేనివాళ్ల లెక్కలో వేసేశాను. "నిన్న ఎన్ని పూటలు చదివారు?" అని కూడా అడగొద్దు, నెలసరి రోజుల్లో నమాజు, రోజా (ఉపవాసం) ఉండవు, ఆ అమ్మాయిని ఊరికే ఇబ్బంది పెట్టినట్టవుతుంది. "మామూలు రోజుల్లో" అని అడిగితే సరిపోతుంది.

నమాజు, రోజా, ఖురాన్ చదవడం ఆచరణ. అల్లా మీద నమ్మకం, దువా (వేడుకోలు) చేసుకున్నాక మనసు కుదుటపడటం లోపలి సంగతి. రెండూ విడివిడిగా అడగండి, మార్కులు కూడా విడిగానే వేయండి. చర్చికి వెళ్లేవాళ్ల కోసం రాసిన స్కేల్‌లో (మార్కులు వేసి కొలిచే వాక్యాల పట్టీలో) చర్చి తీసేసి మసీదు పెడితే కుదరదు. ముస్లిం యువత కోసమే తయారైన 23 వాక్యాల సాహిన్-ఫ్రాన్సిస్ స్కేల్ ఉంది, అది చూడండి. కాజీపేట దర్గా ఉర్సుకు (ఏటా జరిగే ఉత్సవానికి) వెళ్లడాన్ని మాత్రం మార్కుల్లో కలపకండి, కొందరికి అది గాఢమైన భక్తి, ఇంకొందరు ముస్లింలు దాన్ని అసలు ఒప్పుకోరు.

స్వభావాన్ని కొలవడానికి బిగ్ ఫైవ్ అనే ఐదు లక్షణాలు చాలు, 44 వాక్యాల ఫారం దొరుకుతుంది. కొత్త విషయాల మీద ఆసక్తి, బాధ్యతగా పద్ధతిగా ఉండటం, కలివిడితనం, ఎదుటివాళ్లతో మెత్తగా సర్దుకుపోవడం, తొందరగా టెన్షన్ పడటం, ఇవే ఆ ఐదు. ప్రతి వాక్యానికీ 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. కొన్ని వాక్యాలు తిరగేసి (ఆ లక్షణానికి వ్యతిరేకంగా) ఉంటాయి, వాటికి 6లోంచి మార్కు తీసేయాలి (5 వేస్తే 1 అవుతుంది). ఇది మర్చిపోతే మొత్తం తలకిందులే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదివి ఉర్దూ లిపి రానివాళ్లు మన దగ్గర చాలామంది, అందుకే ఏ భాష ఫారం కావాలో వాళ్లనే అడగండి. రంజాన్ నెలలో కొందరిని, పరీక్షలప్పుడు కొందరిని అడిగి కలపొద్దు.

ఇంతకుముందు వివిధ దేశాల్లో చేసిన పరిశోధనల్లో మెత్తదనం, బాధ్యత ఎక్కువున్నవాళ్లలో భక్తి కాస్త ఎక్కువ కనిపించింది. కాస్తే, సహసంబంధం (రెండూ ఎంత కలిసి మారతాయో చెప్పే అంకె, 0 అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తిగా ఉంది) 0.2 దగ్గర. అంటే (0.2 × 0.2) మనుషుల మధ్య భక్తిలో కనిపించే తేడాలో నూటికి 4 వంతులే ఈ స్వభావంతో ముడిపడి ఉన్నాయి. అంత చిన్నదాన్ని పట్టుకోవాలంటే 200 మంది దాకా కావాలి, 40 మందితో తేల్చలేరు. పైగా భక్తి వల్ల బాధ్యత వచ్చిందా, బాధ్యతగా ఉండేవాళ్లే నమాజు వదలకుండా చదువుతున్నారా అన్నది ఒక్కసారి నింపించిన ఫారం చెప్పదు.

పేరు, ఫోన్ నంబర్ వద్దు, గూగుల్ ఫారంలో ఈమెయిల్ తీసుకునే ఆప్షన్ ఆపేయండి. మతం గురించి రాసిన కాగితం ఎవరి చేతిలో పడుతుందోనన్న భయం పిల్లలకు నిజంగానే ఉంది, లెక్చరర్ ముందు కూర్చోబెట్టి నింపిస్తే ఐదు పూటలూ అనే రాస్తారు. రిపోర్టులో "ముస్లిం విద్యార్థులు ఇలా ఉంటారు" అని రాయకండి, "హనుమకొండలో మేం అడిగిన 200 మందిలో" అని రాయండి.