దారి లేని గుట్టమీద కొట్టం కట్టాలంటే

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ వైపు పోతుంటే గుట్టల అంచున బోడిగా పడున్న మెట్ట భూములు కనిపిస్తాయి. వాటిని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. మా తావుకి ట్రాక్టరు వంక (వాగు) దాకానే వస్తుంది, అక్కణ్నుంచి కిలోమీటరున్నర కాలిబాట, అదీ ఎక్కుడు. కరెంటు లేదు, బోరు లేదు. అలాంటి చోట పదడుగులు పన్నెండు అడుగుల గది వేసుకోవాలన్నా ముందు గీసుకోవాల్సింది ఇంటి ప్లాను కాదు, సామాను మోత లెక్క.

అంతకంటే ముందు కాగితాలు. భూమి పట్టాదా, డీకేటీదా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమా) చూసుకోండి. డీకేటీ భూములు కొనడం అమ్మడం మీద 1977 చట్టం ఉంది, అందులో వేలు పెట్టేముందు రెవెన్యూ సంగతులు తెలిసిన లాయరుని కలవండి. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (హక్కుదారుల రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) మూడూ తీయించి, సర్వేయరుతో హద్దులు కొలిపించి రాళ్లు పాతించండి. పక్కన అడవి ఉంటే ఇది మరీ ముఖ్యం, ఫారెస్టు వాళ్ల హద్దు ఒక్క గజం దాటినా తలనొప్పే. నడిచే దారి ఎవరి పొలం గుండా పోతోందో వాళ్లతో ఈ రోజు మంచిగా ఉన్నాం కదా అని ఊరుకోకుండా రాతలో పెట్టుకోండి. అల్లూరి జిల్లా లాంటి ఏజెన్సీ ప్రాంతంలో అయితే గిరిజనేతరులు కొనే వీలే లేదు, 1/70 (గిరిజన ప్రాంతాల భూబదలాయింపు మీద 1970లో వచ్చిన చట్టం) అడ్డు, ఎవరెన్ని మాటలు చెప్పినా నమ్మొద్దు.

చోటు ఎంచుకోవడానికి కనీసం ఒక వానాకాలం ఆగండి. నేను దూరం దాకా కనపడుతుందని ఒక చదునైన జాగా ఎంచుకుని దారం కట్టి ముగ్గు కూడా వేశాను. మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన చూసి, "ఈడ వద్దు నాయనా, ముసురు పట్టినాదంటే పైనుంచి నీళ్లన్నీ ఈడికే దిగుతాయి" అన్నాడు. నేల మామూలుగానే కనిపించింది నాకు. నవంబరులో తుపాను వాన పడ్డాక వెళ్లి చూస్తే ముగ్గు వేసిన చోట మోకాలి లోతు గండి! మన వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి కాబట్టి జూలైలో చూసి సరే అనుకుంటే లాభం లేదు.

ఇక మోత. మనిషి ఎక్కుడులో రోజంతా మోయాలంటే ఒక తడవకి 25 కిలోలు, అంతకు మించితే రెండో రోజు కూలీలు రారు. రాతి కూసాలు (నిలువు రాతి స్తంభాలు) మన దగ్గర చవక, చెదలు పట్టవు, తుప్పు పట్టవు, కానీ తొమ్మిదడుగుల కూస నూరు కిలోలు దాటుతుంది, నలుగురు మోయాలి. అందుకే నేను మూడంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చదరపు పైపులకి పోయాను, పదడుగుల ముక్క ఇరవై కిలోలు మించదు. పైకప్పుకి సిమెంటు రేకులు అసలు వద్దు. పన్నెండడుగుల జీఐ రేకు పదహారు పదిహేడు కిలోలు ఉంటే అదే కొలత సిమెంటు రేకు దానికి రెండు మూడు రెట్లు, పైగా దారిలో జారితే పగులుతుంది. ఆరు స్తంభాలు, వాసాల పైపులు, ఐదు రేకులు, గుంతల కాంక్రీటుకి నాలుగు బస్తాల సిమెంటు, అరటన్ను ఇసుక, తలుపు, కిటికీ, ట్యాంకులు, సోలారు సామాను, అన్నీ కలిపితే మాకు టన్ను దాటింది, అంటే దాదాపు యాభై తడవలు. గాడిదలు దొరికితే ఒక్కోటి ఒక సిమెంటు బస్తా బరువు మోస్తుంది, తడవలు సగానికి తగ్గుతాయి. కంకర మోయకండి, అక్కడున్న రాళ్లే కొట్టించండి. సిమెంటు బస్తాలు ట్రాక్టరు దగ్గరే విప్పి రెండు సంచుల్లోకి సర్ది, విప్పినది ఆ రోజే వాడేయండి.

పైపుల విషయంలో ఒక మాట. కొన్నప్పుడు ఇరవై అడుగుల పొడవు వస్తాయి, ఆ పొడవుతో కాలిబాట మలుపులు తిరగవు, ముందు మనిషి ఒక పక్కకి, వెనక మనిషి ఇంకో పక్కకి. పైన వెల్డింగు చేయడానికి కరెంటూ లేదు. కాబట్టి ఊర్లోనే కొలత ప్రకారం కోయించి, బోల్టు రంధ్రాలు కొట్టించి, షాపు ముందే ఒకసారి మొత్తం నిలబెట్టి చూసి, ప్రతి ముక్కకీ పెయింటుతో నంబరు వేసి విప్పండి. మేము రెండు ముక్కలకి నంబరు వేయడం మరిచాం, పైన వాటిని అటూ ఇటూ తిప్పడంలోనే ఒక పూట పోయింది. బోల్టులు, నట్లు నాలుగు ఎక్కువే తీసుకోండి, కింద పడ్డ నట్టు బోదగడ్డిలో దొరకదు.

కట్టే వరసలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు పైకప్పు, తర్వాత గోడలు. మట్టి గోడకి నీళ్లు కావాలి, ఇంత చిన్న గదికే వెయ్యిన్నర, రెండు వేల లీటర్లు పడతాయి, వాటిని బిందెలతో మోశారంటే అయినట్టే. అదే వేసవిలో స్తంభాలు పాతి రేకులు వేసి, ఒక వైపు వాలు ఇచ్చి, కింది అంచున నీళ్లు పట్టే తూము కట్టి 1000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టేస్తే వానాకాలం ఆ పని చేసిపెడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. చూరుతో కలిపి పన్నెండు పద్నాలుగు అడుగుల రేకుల కప్పు పదిహేను చదరపు మీటర్లు దాటుతుంది, అంటే పది మిల్లీమీటర్ల జల్లుకి కారిందీ చిందిందీ పోను నూటపాతిక లీటర్లు. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలేయండి, రేకు మీద దుమ్మూ పిట్టల రెట్టా పోవాలి. ఖాళీ ట్యాంకు ఇద్దరు సులువుగా మోస్తారు, గాలి లేని రోజు చూసుకోండి. రేకులకి జె బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) వాషర్లతో సహా దగ్గర దగ్గరగా వేయాలి, గుట్టమీద గాలి ఊళ్లో గాలిలా ఉండదు.

జనవరిలో గోడలు మొదలుపెట్టండి. బరువంతా పైపుల మీదే ఉంది కాబట్టి తొమ్మిదంగుళాల మందం చాలు. కింద రెండడుగులు రాతి పునాది, ఆ పైన మట్టి. సీసాలో సగం మట్టి, సగం నీళ్లు పోసి గిలకరించి ఒక రాత్రి వదిలేస్తే ఇసుక అడుగుకి, బంక పైకి విడిపోతాయి. బంక మరీ ఎక్కువైతే గోడ పగుళ్లు ఇస్తుంది, వంక ఇసుక కలపాలి. వరిగడ్డి ముక్కలు వేసి తొక్కి, ఒక రాత్రి నాననిచ్చి, రోజుకి అడుగున్నర మించకుండా ఎత్తు లేపండి. తొందరపడి ఎక్కువ వేస్తే కింది వరస పొట్ట వేస్తుంది.

కరెంటుకి ఇన్వర్టరు అక్కర్లేదు, అన్నీ 12 వోల్టులవే కొనండి. ఒక్కోటి ఐదు వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలు, 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే) ఫ్యాను పది గంటలు, రెండు ఫోన్లు, అన్నీ కలిపి రోజుకి 430 వాట్ అవర్లు. 200 వాట్ల ప్యానెలు ఎండ రోజున అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ముసురు పట్టిన రోజు ఫ్యాను ఎలాగూ వేయం. బ్యాటరీ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేటుది తీసుకోండి, ధర ఎక్కువే, కానీ పది పన్నెండు కిలోలు, ఇంట్లో వాడే ట్యూబులారు బ్యాటరీ యాభై కిలోల పైన. ప్యానెలు దక్షిణానికి కొద్దిగా వాలితే చాలు.

మరుగుదొడ్డి రెండు గుంతలది, తాగే నీళ్లకి యాభై అడుగుల దూరంలో. ఒకటి నిండాక మూసి రెండోది వాడుకోవడమే.

పాముల టెన్షన్ అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. నేల మీద పడుకోకండి, కట్లపాము రాత్రిళ్లు లోపలికే వస్తుంది. మంచం, దోమతెర, గోడకి ఆనించి కట్టెలు పేర్చకపోవడం, ఈ మూడూ పాటించండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రిపూట వంక దగ్గరికి బండి ఎవరు తెస్తారో పునాది తీయకముందే మాట్లాడి పెట్టుకోండి. ఫిబ్రవరి దాటాక గడ్డి అంటుకుంటుంది, చుట్టూ ముప్పై అడుగుల మేర గీకించేయండి.

ఇంకోటి, పైపుల చివర్లకి మూతలు బిగించండి. మేము వదిలేశాం, రెండు నెలల తర్వాత తాళం తీయబోతే తల మీదున్న పైపులోంచి కందిరీగలు లేచాయి, సామాను అక్కడే పడేసి వంక దాకా పరుగు.