కొత్త కాయిల్‌ని దూది పెట్టకముందే టెస్ట్ చేయండి

ఈ-సిగరెట్ (వేప్)లో లిక్విడ్‌ని వేడి చేసే తీగ చుట్టే కాయిల్. దాన్ని బిగించగానే ఫైర్ బటన్ నొక్కేయకండి, ముందు ఓమ్ మీటర్ మీద రెసిస్టెన్స్ చూడండి, అంకె నిలకడగా లేకుండా ఊగుతుంటే ఎక్కడో స్క్రూ వదులుగా ఉన్నట్టే. మెకానికల్ మాడ్ (సర్క్యూట్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా కరెంట్ ఇచ్చే వేప్) అయితే లెక్క కూడా వేసుకోవాలి: ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు, కాయిల్ 0.5 ఓమ్ అయితే 8.4 ఆంపియర్లు, మీ బ్యాటరీ అంత ఇవ్వగలదా?

తర్వాత లిక్విడ్ పీల్చుకునే దూది గానీ, లిక్విడ్ గానీ లేకుండా తక్కువ వాటేజీలో ఒక్క క్షణం నొక్కి వదలండి, ఎరుపు మధ్యలో మొదలై రెండు వైపులా సమానంగా పాకాలి. టైటానియం, నికెల్ తీగలతో మాత్రం ఈ పని అస్సలు వద్దు.

అసలు భయపడాల్సింది ఇక్కడ. ఎర్రగా ఉన్న కాయిల్ మీద లిక్విడ్ చుక్క వేయకండి, అందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ రెండూ మండేవే, వాటి ఆవిరి భగ్గున అంటుకోవచ్చు. పూర్తిగా చల్లారాకే దూది పెట్టి, ఎక్కడా తెల్లగా పొడి మచ్చ మిగలకుండా తడపండి. మంట కనిపిస్తే ఊదొద్దు, బటన్ వదిలేసి లోహపు మూత పెట్టేయండి.