చేజ్ గడ్డిదిబ్బల్ని చూసి వేయడం, ఒక ఎర్ర టోపీ గొడవ

అమెరికన్ చిత్రకారుడు విలియం మెరిట్ చేజ్ 1894 ప్రాంతంలో వేసిన ‘ఐడిల్ అవర్స్’ అనే బొమ్మ ఇప్పుడు టెక్సస్‌లో, ఫోర్ట్‌వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియంలో ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో ఉన్న షినకాక్ గడ్డిదిబ్బలు, వెనక నీళ్లు, పైన పెద్ద ఆకాశం, గడ్డిలో తీరిగ్గా ఆడవాళ్లు, పిల్లలు. ఒకామె తలమీద ఎర్ర టోపీ. ఈ బొమ్మను నేను నాలుగుసార్లు చూసి వేశాను. మూడుసార్లు చెడింది ఆ టోపీ దగ్గరే.

మంచి ప్రింటు ఒకటి ఎదురుగా పెట్టుకోండి. ఆయిల్ కలర్స్, నోట్‌బుక్ పేజీ అంత బోర్డు చాలు. ఆకాశం ఎంత, నేల ఎంత అన్నది స్కేలుతో కొలిచి గీత పెట్టండి. కంటి అంచనాకు వదిలేస్తే మనుషుల మీద మోజుతో నేలను పెంచేస్తాం. తర్వాత కళ్లు చికిలించి చూడండి. ఆకాశం, నీళ్లు, గడ్డి, మనుషుల గుంపు, ఈ నాలుగు ముక్కలే మిగులుతాయి. పెద్ద బ్రష్‌తో ఆ నాలుగూ వేసేయండి. ముఖాల జోలికి వెళ్లొద్దు.

గడ్డికి ట్యూబులోని ఆకుపచ్చ వద్దు. నేనైతే ఆ ట్యూబును ముందే డ్రాయర్లో దాచేస్తాను. యెల్లో ఆకర్‌లో, అంటే మట్టి పసుపులో, కాస్త అల్ట్రామెరీన్ బ్లూ, కాస్త తెలుపు. ఇసుకనేలలో పెరిగిన గడ్డి కదా, పచ్చదనం వెలిసినట్టే ఉండాలి.

ఇక టోపీ. తడిగా ఉన్న గడ్డి రంగు మీదే ఎరుపు రుద్దితే బ్రష్ కిందున్న పచ్చను లాగేస్తుంది, ఎరుపు కాస్తా ఇటుకపొడి రంగుకు దిగిపోతుంది. నా మూడు బొమ్మల కథా అదే. అందుకే టోపీ వచ్చే చోట గడ్డి రంగును, రంగులు కలిపే ప్యాలెట్ నైఫ్‌తో గీకేయండి. శుభ్రమైన బ్రష్ కొసన ఎరుపు ముద్దగా తీసుకుని ఒక్కసారి ఆనించి ఎత్తేయండి. సవరించబోయారో, మళ్లీ గీకుడే.

చేజ్ 1891 నుంచి 1902 దాకా షినకాక్‌లో వేసవి బడి నడిపి, ఆరుబయట బొమ్మలు వేయడం నేర్పారు. సోమవారాలు విద్యార్థుల పనిని అందరి ముందే విమర్శించేవారు. మనకు ఆ సోమవారం లేదు కాబట్టి బొమ్మను గోడకు ఆనించి, పదడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, టోపీకి వేలు అడ్డం పెట్టండి. ఎరుపు పక్కన ఉంటేనే పచ్చ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, అప్పుడు గడ్డి చప్పబడాలి. వేలు తీయగానే మళ్లీ పచ్చగా లేవాలి. తేడా తెలియలేదంటే టోపీని కదపకండి, గడ్డిలో ఇంకాస్త ఆకర్ కలపండి.